పరదేశ విద్యకు ఉపకారవేతనము – అర్జీ వ్రాయు విధము

పరదేశమునకు పోయి చదువుకొనవలెనను కోరిక నేడు మండల కేంద్రములలోని కళాశాలల పిల్లలకును కలుగుచున్నది. కోరిక తప్పు కాదు. కాని దానికి దారి చెప్పువారు ఎక్కువమంది అప్పు దారినే చెప్పుచున్నారు. ఇంటి దస్తావేజులు బ్యాంకులో పెట్టుట, లేదా పొలము తాకట్టు పెట్టుట తప్ప వేరు మార్గము లేదని తల్లిదండ్రులు నమ్ముచున్నారు. యోగ్యతను పరిశీలించి చదువు వ్యయము భరించు ఉపకారవేతనములు కొన్ని కలవనియు, వానికి మన డిగ్రీ విద్యార్థియు అర్జీ పెట్టుకొనవచ్చుననియు ఎరిగినవారు తక్కువ. అట్టివానిలో ఒకటియైన ఎరాస్మస్ ముండుస్ ఉపకారవేతనమును గూర్చి ఈ పాఠమున వివరింపబూనితిని.

ముందుగా పేరు సంగతి. ఎరాస్మస్ అనునతడు డచ్చి పండితుడు. రాటర్‌డాం వాడు. విద్య ఉన్న చోటికెల్ల తాను నడచి, ఫ్రాన్సు, ఇంగ్లండు, ఇటలీ దేశములలో చదివి, చెప్పి, 1536లో బాసెల్ నగరమున మరణించెను. ముండుస్ అనగా లాటిను భాషలో ప్రపంచమని అర్థము.

ఈ పథకమునకు బీజము ఒక విద్యార్థినికి జరిగిన అన్యాయమున కలదు. సోఫియా కొర్రాది అను ఇటలీ యువతి రోము నగరమున న్యాయశాస్త్రము చదువుచు, అమెరికా వారి ఫుల్‌బ్రైట్ ఉపకారవేతనముపై న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయమునకు పోయి, పట్టము పుచ్చుకొని, 1958లో స్వదేశమునకు మరలి వచ్చినది. అక్కడ చదివిన చదువును తన డిగ్రీలో కలుపుడని స్వంత విశ్వవిద్యాలయమును అడుగగా, అది లెక్కకు రాదని తిరస్కరించిరి. వేరొకరైనచో ఇంటికి పోయి ఏడ్చి ఊరకుండెడివారు. ఆమె మాత్రము 1969 నుండి విశ్వవిద్యాలయముల అధిపతులకును, ప్రభుత్వములకును విన్నవించుచునే ఉండెను. పరదేశమున క్రమముగా చదివిన చదువును స్వదేశమున గుర్తింపవలెను, ఇదొక్కటే ఆమె కోరినది. 1987లో ఐరోపా దేశముల సమాఖ్య ఎరాస్మస్ పథకమును ప్రారంభించెను. తొలి సంవత్సరము 11 దేశముల నుండి 3,244 మంది విద్యార్థులు పొరుగు దేశములకు పోయి చదివిరి. ఇటలీలో ఆమెను ఎరాస్మస్ తల్లి అని పిలిచిరి. ఐరోపా వెలుపలి దేశముల వారికిని తలుపు తెరచుచు 2004లో ఎరాస్మస్ ముండుస్ వెలసినది. నాటి నుండి వేలకొలది భారతీయులు దీని మూలమున చదివిరి.

ఆమెకు తోడ్పడిన ఫుల్‌బ్రైట్ పథకమును గూర్చియు ఒక మాట. రెండవ ప్రపంచయుద్ధానంతరము అన్యదేశములలో మిగిలిపోయిన అమెరికా యుద్ధసామగ్రిని అమ్మగా వచ్చిన సొమ్మును విద్యార్థుల రాకపోకలకు వినియోగింపవలెనని సెనేటరు ఫుల్‌బ్రైట్ ప్రతిపాదింపగా, 1946లో అది చట్టమైనది. మన దేశముతో ఒడంబడిక 1950 ఫిబ్రవరి 2న జరిగినది. 2008లో ఆ ఒడంబడికను తిరుగ వ్రాసుకొని, వ్యయములో భారత ప్రభుత్వమును పాలుపంచుకొనుటచే, మనకది ఫుల్‌బ్రైట్-నెహ్రూ అను పేర వ్యవహరింపబడుచున్నది. ఆ వేతనముపై పోయినవారు చదువు ముగిసిన పిదప రెండేండ్లు స్వదేశమున నివసించిన గాని అమెరికాలో స్థిరనివాసమునకు అర్హులు కారను నిబంధన కలదు. ఎరాస్మస్ ముండుస్‌లో అట్టి నిబంధన లేదు. ఇంటిలో ఈ భేదమును ముందే చర్చించుకొనుట మంచిది. పిల్లవాడు ఎప్పుడు మరలివచ్చునని ఎదురుచూచు తల్లికి ఇది చిన్న విషయము కాదు.

ఇక పథకపు తీరు. వేరు వేరు దేశములలోని కనీసము మూడు విద్యాసంస్థలు కలసి ఒక్క ఉమ్మడి ఎం.ఏ. లేక ఎం.ఎస్సీ. కోర్సును నడపును. విద్యార్థి కనీసము రెండు దేశములలో చదువవలెను. కాలపరిమితి ఒకటి నుండి రెండు సంవత్సరములు. వేతనము నెలకు 1,400 యూరోలు, గరిష్ఠముగా 24 నెలలు. అనగా మొత్తము 33,600 యూరోలు. వేతనము పొందినవారు కోర్సు రుసుము చెల్లింపనక్కరలేదు. ప్రయాణము, వీసా, భోజనము, వసతి అన్నియు ఆ 1,400లోనే గడుపుకొనవలెను. అయితే సొమ్ము సాధారణముగా అక్కడికి చేరి పేరు నమోదైన తరువాతనే చేతికి వచ్చును. కావున విమానపు టికెట్టుకును, తొలి నెల ఇంటి అద్దెకును కొంత పైకము ముందుగా సమకూర్చుకొనక తప్పదు. ఈ సంగతి ఆఖరు వారమున తెలిసి వడ్డీ వ్యాపారి గడప తొక్కిన కుటుంబములు కలవు.

అర్జీ ఒకే కార్యాలయమునకు పంపునది కాదు. ఏ కోర్సుకు ఆ కోర్సు నడపు సంస్థలకే నేరుగా పంపవలెను. కోర్సుల పట్టిక ఐరోపా సమాఖ్య వారి వెబ్‌సైటులో దొరకును. ప్రతి కోర్సుకును గడువు వేరు. పెక్కింటికి అక్టోబరు, జనవరి నెలల మధ్య ముగియును, తరగతులు మరుసటి ఆగస్టు, సెప్టెంబరులలో మొదలగును. అనగా చివరి సంవత్సరము చదువుచున్న విద్యార్థి దసరా సెలవులనాటికే పని ప్రారంభింపవలెను. సాధారణముగా అర్జీకి రుసుము ఉండదు. రుసుము కట్టిన చాలును వేతనము ఖాయము చేయించెదమని చెప్పు మధ్యవర్తిని గుమ్మము వద్దనే పంపివేయుడు. ఎంపిక వాని చేతిలో లేదు.

కోర్సును ఎన్నుకొనుటలోనే సగము పని కలదు. పిల్లలు పట్టికను చూచి పేరు గొప్పగా వినిపించు దానిని పట్టుకొందురు. అది సరికాదు. తాను చదివినదేమి, తాను చూచినదేమి, ఆ రెంటికిని కుదురునది ఏది అని వెదుకవలెను. ఒక ఉదాహరణము. లిస్బన్, డెల్ఫ్ట్, డ్రెస్డెన్ నగరముల విద్యాసంస్థలు కలసి భూగర్భజలములను గూర్చి ఒక ఉమ్మడి కోర్సును 2015లో ప్రారంభించినవి. అనంతపురము జిల్లాలో పుట్టిన భూగర్భశాస్త్ర విద్యార్థికి అట్టి కోర్సు పరాయిది కాదు. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడు సీమ అది. బోరు వేయుట, నీరు పడకపోవుట, మరల వేయుట, అప్పు, ఇదంతయు ఆ పిల్లవాడు పుస్తకములో చదువక ముందే తన ఇంటిలో చూచినాడు.

ఇక్కడనే ఉద్దేశపత్రము సంగతి వచ్చుచున్నది. అర్జీతోపాటు, ఈ కోర్సు నాకేల కావలెనో తెలుపుచు ఒకటి రెండు పుటల వ్యాసము వ్రాయవలెను. ఎంపిక చేయువారు ముఖ్యముగా చదువునది దీనినే. మన పిల్లలు వ్రాయునది నేను చూచుచున్నాను. బాల్యము నుండియు నాకు విజ్ఞానశాస్త్రమన్న అపారమైన మక్కువ అని మొదలిడి, మీ విశ్వవిద్యాలయము లోకప్రసిద్ధమని పొగడి, నాకు అవకాశమిచ్చిన కృతజ్ఞుడనని ముగింతురు. పేరు మార్చిన చాలును, అది ఎవరి వ్యాసమైనను కావచ్చును. ఇప్పుడు యంత్రమునే అడిగి వ్రాయించుకొనుటయు మొదలైనది. భాష నున్నగా ఉండును, మనిషి మాత్రము అందులో కానరాడు. వందల కాగితములు చదువు పరీక్షకునకు రెండు వాక్యములలో ఆ సంగతి తెలియును.

అదే అనంతపురపు విద్యార్థి ఇట్లు వ్రాసెననుకొనుడు: మా ఇంటికి మూడు బోర్లు, రెండు ఎండినవి. మూడవది వేయుటకు స్థలము చూపినవాడు కొబ్బరికాయను అరచేత నిలిపి చూపెను. డిగ్రీ మూడవ సంవత్సరమున నేను మా ఊరి ఇరువది బోర్ల లోతులను కొలిచి పటము గీసితిని. లోతునకును రాతిపొరకును గల సంబంధము నాకు సగమే బోధపడినది. మిగిలిన సగమునకై ఈ కోర్సులోని ఫలానా పాఠ్యాంశము కావలెను. ఈ వ్రాతలో అలంకారము లేదు. కాని చూచినది, చేసినది, తెలియనిది, కావలసినది అను నాలుగును వరుసగా కలవు. తెలియనిదానిని చెప్పుటకు మనవారు భయపడుదురు. అంతయు తెలిసినవానికి వేతనమిచ్చి చదివింపవలసిన పని ఎవరికుండును? ఇంగ్లీషు వ్యాకరణము దిద్దుటకు ఉపాధ్యాయుని సాయము కోరుట న్యాయమే. విషయము మాత్రము తనదై ఉండవలెను. ఏలయన కొన్ని కోర్సులవారు మాటలాడి చూతురు, అప్పుడు తన కాగితమునే తాను వివరింపలేనివాడు అక్కడనే ఆగిపోవును.

సిఫారసు లేఖల విషయమున ఉపాధ్యాయ వర్గమునకే నేను చెప్పదలచితిని. విద్యార్థియే తనను గూర్చి లేఖ వ్రాసికొని తెచ్చుట, ఆచార్యులవారు చదువకయే సంతకము పెట్టుట మనయందు అలవాటైపోయినది. రెండు లేఖలు ఒకే చేతి వ్రాతయని పరీక్షకుడు పసిగట్టినచో నష్టపడునది విద్యార్థియే. ప్రిన్సిపాలుగారి పెద్ద హోదాకంటె, ఆ పిల్లవాని ప్రయోగశాల పనిని కన్నులార చూచిన లెక్చరరుగారి నాలుగు పంక్తులు విలువైనవి. విద్యార్థులును గడువునకు రెండు దినముల ముందు పోయి ‘అయ్యా, సంతకము’ అని నిలువరాదు. నెల ముందుగా పోయి, మార్కుల పట్టికను, ఉద్దేశపత్రమును ఇచ్చి, గడువు తేదీని వ్రాసి ఇచ్చి రావలెను.

పత్రములలో మన తెలుగువారికి ప్రత్యేకముగా వచ్చు చిక్కు పేరు. మనకు ఇంటిపేరు ముందు, వ్యక్తి పేరు వెనుక. పదవ తరగతి పత్రములో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరముగా ఉండవచ్చును, డిగ్రీ పత్రములో పూర్తిగా ఉండవచ్చును, పాస్‌పోర్టులో తలక్రిందులై ఉండవచ్చును. తండ్రిపేరును చేర్చి వ్రాసిన పత్రములును కలవు. ఐరోపా గుమాస్తాకు ఇవి ముగ్గురు మనుష్యుల కాగితములుగా తోచును. కావున పాస్‌పోర్టును తీసికొనునప్పుడే పదవ తరగతి పత్రముతో సరిచూచుకొని, అర్జీలో పాస్‌పోర్టునందలి పేరునే అక్షరము తప్పక వ్రాయవలెను. భేదమున్నచో నోటరీ ఎదుట ప్రమాణపత్రము వ్రాయించి జతపరుపవలెను. మార్కుల పట్టికలు, ప్రొవిజనల్ సర్టిఫికెట్టు, ఇంగ్లీషు పరీక్ష ఫలితము ముందే సిద్ధముగా ఉండవలెను. ఎంపికైన పిదప కొన్ని దేశములవారు మన విదేశాంగ శాఖ వేయు అపోస్టిల్ ముద్రను కోరుదురు. దానికి పూర్వము రాష్ట్ర స్థాయిలో ధ్రువీకరణ కావలసియుండును. ఆ తిరుగుటకు కొన్ని వారములు పట్టును.

ఇక ఫలితము వచ్చు ఘట్టము. దీనియందే పెక్కు కుటుంబములు పొరబడుచున్నవి. ఉత్తరము మూడు విధములుగా రావచ్చును. వేతనముతో కూడిన ఎంపిక ఒకటి. నిరీక్షణ పట్టికలో పేరుండుట రెండవది. కోర్సులో ప్రవేశము ఇచ్చితిమి, రుసుము మీరే చెల్లించుకొనుడు అనునది మూడవది. ఈ మూడవ ఉత్తరమును కూడ అభినందనములతోనే మొదలిడుదురు. ఆ మొదటి పంక్తిని చూచి ఊరందరికి మిఠాయి పంచి, తరువాత నిజము తెలిసి, మాట పోవునని పొలము అమ్మిన తండ్రులున్నారు. ఉత్తరమును చివరి పంక్తి వరకు చదువుడు. ఇంగ్లీషు తెలిసినవారిచేత చదివించుకొనుడు. నెలసరి వేతనము ఇంత అను అంకె అందులో లేకున్నచో వేతనము లేదనియే గ్రహింపుడు.

నిరీక్షణ పట్టికలో పేరున్నచో నిరాశ పడనక్కరలేదు. రెండు మూడు చోట్ల ఎంపికైనవారు ఒక్కదానినే ఉంచుకొని మిగిలినవి వదలుకొందురు కనుక, ఆ స్థానములు పట్టికలోని వారికి వచ్చును. తన వరుస సంఖ్య ఎంతయో, ఏ తేదీ వరకు వేచియుండవలెనో కోర్సు కార్యాలయమునకు ఈమెయిలు వ్రాసి అడుగవచ్చును. అడుగుట అమర్యాద కాదు. ఆ తేదీ దాటువరకు ఇక్కడి ఎం.ఎస్సీ. ప్రవేశమును గాని, చేతనున్న ఉద్యోగమును గాని వదలరాదు. రానిచో, మరుసటి అక్టోబరునకు అదే అర్జీని మరల పంపుకొనవచ్చును. ఈ నడుమ మరి ఇరువది బోర్లను కొలిచియుండిన యెడల ఉద్దేశపత్రమునకు మరియొక పేరా చేరును.