నేలమీద ఒరిగిన తల్లి – క్రిస్మస్ పాఠము

వాక్యభాగము: లూకా 2:1-20

మనము పటములను పూజించువారము కాము. అయినను వాక్యమును శ్రద్ధగా చదువుటకు ఒక పటము తోడ్పడవచ్చును. ఇటలీ చిత్రకారుడు కారవాజ్జో 1609లో, మెస్సీనా పట్టణములోని కపూచిన్ సన్యాసుల గుడి కొరకు గొర్రెల కాపరుల ఆరాధనను చిత్రించెను. 1606లో రోములో ఒకని చంపి పారిపోయి, ఊరూరా తిరుగుచున్న దినములవి. నేడు ఆ పటము మెస్సీనా మ్యూజియములో ఉన్నది.

1. చోటు: మరియకు మంచము లేదు. పశువుల పాకలో గడ్డి పరచిన నేలపై, శిశువును హత్తుకొని ఒరిగియున్నది. పైన దేవదూతలు లేరు. జనసంఖ్యలో పేరు వ్రాయించుకొనుటకు ఊరు విడిచి వచ్చిన వారికి సత్రములో స్థలము దొరకలేదని లూకా తెలుపుచున్నాడు (2:7).

2. బుట్ట: ముందు భాగమున బుట్టలో రొట్టె, గుడ్డ, వడ్రంగి పనిముట్లు ఉన్నవి. ఈ బుట్ట గాని, వెనుకనున్న ఎద్దు, గాడిద గాని లూకాలో లేవు. అయితే యేసును వడ్లవాని కుమారుడని జనులు పిలిచిరి (మత్తయి 13:55). తుంగభద్ర కాలువ క్రింద సిరుగుప్ప వైపు పొలము పనులకు వచ్చు మనవారి మూటయు ఇంతే: సద్ది, బట్టలు, కొడవలి.

3. మొదటి అతిథులు: రాత్రి కాపలా పనివారికే మొదట కబురు అందెను (2:8-12). పటములో వారు బిడ్డకు దగ్గరగా వంగియున్నారు.

ఆలోచించుడి: పనిబట్టలతో ఆరాధనకు వచ్చువారు మన సంఘములో గుమ్మమునొద్దనే నిలుచుచున్నారా? ఈ డిసెంబరులో మన క్యాంపులలో బాలింత ఎవరు? ఆమెకు అన్నము, దుప్పటి ఎవరు తీసికొని వెళ్లుదురు? పేర్లు వ్రాసికొని, ప్రార్థించి, వెళ్లుదము.