ఎముకను గుల్ల చేస్తున్నది ఏ హార్మోను? ఒక థైరాయిడ్ పరిశోధన, మెట్టు మెట్టుగా

థైరాయిడ్ అతిగా పనిచేస్తే గుండె దడ, చేతుల వణుకు వస్తాయని, మనిషి చిక్కిపోతాడని చాలామందికి తెలుసు. ఎముకలు గుల్లబారతాయని తెలిసినవాళ్లు తక్కువ. అలాంటి ఓ యువతి ఎముకలు పురుగు తొలిచినట్టున్నాయని జర్మన్ వైద్యుడు ఫాన్ రెక్లింగ్‌హౌజెన్ 1891లోనే రాశాడు. అందుకు కారణం తేల్చే పనిలో లండన్ ఇంపీరియల్ కాలేజీలోని గ్రాహమ్ విలియమ్స్, డంకన్ బాసెట్‌ల బృందం చేసిన కృషి గొప్పది. ఆ పని ఎలా సాగిందో చూద్దాం.

1. ప్రశ్నను తేల్చుకోవడం

మన ఎముకకు నిత్యం మరమ్మతు జరుగుతూనే ఉంటుంది. కొన్ని కణాలు పాత ఎముకను తవ్వుతాయి, మరికొన్ని ఆ గుంటను పూడుస్తాయి. ఒకచోట ఈ పని పూర్తవడానికి సుమారు 200 రోజులు పడుతుంది. థైరాయిడ్ హార్మోను ఎక్కువైతే ఆ గడువు దాదాపు సగానికి పడిపోతుంది. తవ్వినంత పూడదు. విడతకు పదో వంతు లోటు మిగులుతుంది.

ఇక్కడే చిక్కు. రక్తంలో థైరాయిడ్ హార్మోనైన టీ3 పెరగగానే పిట్యూటరీ గ్రంథి, థైరాయిడ్‌ను పనిచేయించే టీఎస్‌హెచ్ అనే తన హార్మోనును తగ్గించేస్తుంది. మరి ఎముకకు చేటు చేస్తున్నది పెరిగిన టీ3నా, తగ్గిన టీఎస్‌హెచ్‌నా? టీఎస్‌హెచ్ నేరుగా ఎముకను కాపాడుతుందని 2003లో న్యూయార్క్ పరిశోధకులు ‘సెల్’ పత్రికలో ప్రతిపాదించారు. రోగుల్లో ఈ రెండూ ఒకేసారి మారతాయి కాబట్టి వాళ్ల రక్తపరీక్షలతో ఈ ప్రశ్న తేలదు.

2. చిట్టెలుకలను ఎంచుకోవడం

విలియమ్స్ బృందం రెండు రకాల చిట్టెలుకలను తీసుకుంది. పాక్స్8 జన్యువు లేని మొదటి రకంలో థైరాయిడ్ సరిగా ఏర్పడదు. రెండో రకంలో టీఎస్‌హెచ్‌ను అందుకునే రిసెప్టరే పనిచేయదు. రెండింటిలోనూ థైరాయిడ్ హార్మోనుకు కరువే, టీఎస్‌హెచ్ మాత్రం విపరీతం. తేడా ఒక్కటే: మొదటి రకం ఎముక ఆ టీఎస్‌హెచ్‌ను అందుకోగలదు, రెండో రకం అందుకోలేదు. టీఎస్‌హెచ్‌దే పెత్తనమైతే ఈ రెండు ఎముకలూ వేరువేరుగా కనిపించాలి. ప్రయోగానికి ప్రాణం ఈ ఎంపికే.

3. ఎముకను చదవడం

పలుచటి కోతలకు రంగులద్ది ఎదుగుదల తీరు చూస్తారు. ఎక్స్‌రే తీసి ఖనిజం ఎంతుందో కొలుస్తారు. చిత్రంలోని నలుపు తెలుపుల ఛాయలను నమ్మకంగా పోల్చడానికి ఉక్కు, అల్యూమినియం, ప్లాస్టిక్ నమూనాలను ప్రమాణంగా పెట్టుకుంటారు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు లోపలి సన్నని అల్లికను చూపిస్తుంది.

4. ఫలితం

2008లో ప్రచురించిన ఫలితాల ప్రకారం రెండు రకాల్లోనూ ఎముకల లోపాలు ఒకేలా ఉన్నాయి. ఎదుగుదల మందగించింది, ఖనిజం తగ్గింది. టీఎస్‌హెచ్ అందినా అందకపోయినా తేడా రాలేదు. మరో సాక్ష్యం ఇంకా బలమైనది. టీ3ని అందుకునే బీటా రిసెప్టర్ లేని చిట్టెలుకల్లో పిట్యూటరీకి టీ3 జాడ సరిగా తెలియదు. దాంతో టీ3, టీఎస్‌హెచ్ రెండూ పెరుగుతాయి. ఎముకలో ప్రధానంగా ఉండేది ఆల్ఫా రిసెప్టర్ కాబట్టి ఆ ఎముక టీ3 తాకిడిని పూర్తిగా భరించాలి. ఆ ఎముకలు గుల్లబారాయి. అంత టీఎస్‌హెచ్ ఉండి కూడా వాటిని కాపాడలేకపోయింది. దీంతో వేళ్లన్నీ టీ3 వైపే చూపాయి.

5. విరిచి చూడటం

ఎముక బలం తెలియాలంటే దాన్ని విరవాల్సిందే. చిట్టెలుక తొడ ఎముకను రెండు ఆధారాల మీద అడ్డంగా ఉంచుతారు. పైనుంచి మరో మొన సరిగ్గా నడిమధ్యన అతి నెమ్మదిగా నొక్కుతుంది. ఎంత బరువుకు ఎంత వంగిందో కంప్యూటరు గీత గీస్తూ పోతుంది. మొదట గీత నిటారుగా లేస్తుంది. ఆ వాలు ఎముక బిగువును చెబుతుంది. ఒకచోట గీత వంపు తిరుగుతుంది. అది దాటాక బరువు తీసేసినా ఎముక మునుపటి ఆకారానికి రాదు. చివరికి పుటుక్కున విరుగుతుంది.

ఇలా పరీక్షించి ఈ బృందమే 2010లో మరో సంగతి తేల్చింది. ఎముకను నిర్మించే కణాల్లో, మరో థైరాయిడ్ హార్మోనైన టీ4ను టీ3గా మార్చే డీ2 ఎంజైము లేకపోతే ఎముకలో ఖనిజం పెరుగుతుంది గానీ, ఎముక పెళుసుబారుతుంది. అంటే టీ3 మరీ తగ్గినా ముప్పే. సాంద్రత ఎక్కువున్నంత మాత్రాన ఎముక గట్టిదని అనుకోవడానికీ లేదు.

6. మనుషుల దాకా

బ్రిటన్‌లోని యూకే బయోబ్యాంక్‌లో మడమ ఎముకకు అల్ట్రాసౌండ్ పరీక్ష చేయించుకున్న 4,26,824 మంది జన్యు వివరాలను విశ్లేషించి, ఎముక సాంద్రతతో ముడిపడిన 518 జన్యుస్థానాలను 2019లో ప్రకటించారు. వాటిలో ఏ జన్యువు ఏం చేస్తుందో తేల్చడానికి మళ్లీ చిట్టెలుకల ఎముకలే ఆధారమయ్యాయి. విలియమ్స్, బాసెట్ ఆ పనిలోనూ ఉన్నారు.

మన ఇళ్లలో అమ్మలు, అక్కలు ఎందరో రోజూ పరగడుపున థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నారు. సరైన మోతాదులో అది మేలే చేస్తుంది. అవసరానికి మించితే, ముఖ్యంగా నెలసరి ఆగిపోయిన స్త్రీలలో, ఎముక నష్టపోతుంది. రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ బాగా తక్కువగా వస్తే మాత్ర మీ అంతట మీరు మానకండి, మోతాదు మార్చాలేమో డాక్టరును అడగండి. క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత కొందరికి టీఎస్‌హెచ్‌ను కావాలనే తగ్గించి ఉంచుతారు. వాళ్లు ఎముకల పరీక్ష గురించి కూడా అడగాలి. ప్రయోగశాలలో ఇన్నేళ్లు పడిన శ్రమకు ఫలం దక్కేది రోగి ఆ ప్రశ్న వేసినప్పుడే.