అమ్మ చిన్ననాటి గాయం – బిడ్డ మనస్సు

పిల్లవాడు రాత్రులు ఉలిక్కిపడి లేస్తాడు. ఏడేళ్లు వచ్చినా పక్క తడుపుతాడు. బడికి పొమ్మంటే కడుపునొప్పి అంటాడు. ఇలాంటి పిల్లలను ఆసుపత్రికి తెచ్చేసరికి చాలాసార్లు దిష్టి తీయడం, తాయెత్తు కట్టడం అయిపోయి ఉంటుంది. ముందుగా డాక్టరుగారు శరీరంలో ఏదైనా జబ్బు ఉందేమో చూస్తారు. పరీక్షల్లో ఏమీ దొరకనప్పుడు తల్లిని కూడా కొన్ని సంగతులు అడగవలసి వస్తుంది. "నీకు నిద్ర పడుతుందా అమ్మా? ఇంట్లో ఎట్లా ఉంది? నీ చిన్నతనం ఎట్లా గడిచింది?" ఈ చివరి ప్రశ్న ఎందుకు అడుగుతామో ఈ పాఠంలో తెలుసుకుందాం.

మన ప్రాంతంలో తల్లుల బాల్యం

ఇప్పుడు 35, 40 ఏళ్లున్న తల్లులు 1990లలో చిన్న పిల్లలు. వికారాబాద్, తాండూరు అప్పుడు రంగారెడ్డి జిల్లాలో ఉండేవి. ఆ రోజుల్లో ఎంతోమంది ఆడపిల్లలు బడి ముఖం చూడలేదు. కొందరు పెద్ద రైతుల ఇళ్లలో జీతం ఉన్నారు. కొందరు తమ్ముళ్లను, చెల్లెళ్లను ఎత్తుకుని ఇంటి చాకిరీ చేశారు. అమ్మానాన్నలు పనికోసం ముంబై, పూణె వలసపోతే అవ్వ దగ్గర పెరిగినవారు ఉన్నారు. పదమూడు, పద్నాలుగేళ్లకే పెళ్లయి అత్తగారింటికి పోయినవారు ఉన్నారు.

ఎం.వి. ఫౌండేషన్ 1991లో ఈ జిల్లాలోనే పని పిల్లలను బడికి తెచ్చే ఉద్యమం మొదలుపెట్టింది. దానిని నడిపించిన శాంతా సిన్హాగారికి 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. ఆ కృషి వల్ల వేలమంది పిల్లలు పని మాని చదువుకున్నారు. కాని అందరికీ ఆ అవకాశం అందలేదు. తిన్న దెబ్బలు, పడుకున్న పస్తులు, ఎవరికీ చెప్పుకోలేని చెడు స్పర్శలు కొందరి మనస్సుల్లో అలాగే ఉండిపోయాయి.

పరిశోధనలు ఏమి చెబుతున్నాయి?

అమెరికాలో డాక్టర్ విన్సెంట్ ఫెలిట్టి, డాక్టర్ రాబర్ట్ ఆండా 17,000 మందికి పైగా పెద్దవారిని వారి బాల్యం గురించి అడిగారు. కొట్టేవారా? లైంగికంగా బాధించారా? ఇంట్లో తాగేవారు ఉన్నారా? అమ్మను కొట్టడం చూశారా? 1998లో వచ్చిన వారి మొదటి నివేదిక ప్రకారం ఇలాంటి కష్టాలు ఎన్ని ఎక్కువైతే, పెద్దయ్యాక కుంగుబాటు, తాగుడు, ఆత్మహత్యా ప్రయత్నాలు, గుండెజబ్బులు అంత ఎక్కువగా కనిపించాయి. తల్లి పడిన కష్టాల ప్రభావం ఆమె పిల్లల భయాలలో, ప్రవర్తనలో కూడా కనిపించవచ్చని తరువాతి పరిశోధనలు తెలిపాయి.

ఇది బిడ్డకు ఎలా చేరుతుంది?

1. గర్భంలో: తల్లి ఎప్పుడూ భయంతో, దిగులుతో ఉంటే ఆమె రక్తంలో ఒత్తిడి హార్మోన్లు పెరుగుతాయి. నెలలు నిండకముందే కాన్పు కావడానికి, బిడ్డ బరువు తగ్గడానికి అవకాశం ఎక్కువవుతుంది.

2. కాన్పు తరువాత: చిన్ననాడు గాయపడిన తల్లికి బాలింత కుంగుబాటు వచ్చే అవకాశం ఎక్కువ. బిడ్డ నవ్వినా ఆమెకు నవ్వు రాదు. 1970లలో డాక్టర్ ఎడ్వర్డ్ ట్రానిక్ తల్లులను కొద్ది నిమిషాలు ముఖంలో ఏ భావమూ లేకుండా బిడ్డ ఎదుట కూర్చోమన్నారు. బిడ్డలు మొదట నవ్వి, చేతులు చాచి పిలిచారు. తల్లి పలకకపోయేసరికి కలతపడి ముఖం తిప్పుకున్నారు. కొద్ది నిమిషాలకే అలా అయితే, నెలల తరబడి అలా గడిచే బిడ్డ సంగతి ఆలోచించండి.

3. పెంపకంలో: దెబ్బలు తిని పెరిగిన తల్లికి బిడ్డ గట్టిగా ఏడిస్తే పాత భయం ఒంట్లో లేస్తుంది. ఒకరు చేయి చేసుకుంటారు. ఇంకొకరు రాయిలాగా కూర్చుండిపోతారు. మరొకరు బిడ్డను గడప దాటనివ్వరు. కారణం తెలియని బిడ్డ మాత్రం లోకమంటే భయం నేర్చుకుంటాడు.

తల్లిని నిందించవద్దు

ఇది శాపం కాదు, తలరాత కాదు. ఎన్నో కష్టాలు పడి కూడా పిల్లలను చక్కగా పెంచిన తల్లులు మన మధ్య చాలామంది ఉన్నారు. తండ్రి తాగుడు, ఇంట్లో కొట్లాటలు, అప్పులు కూడా బిడ్డ మనస్సును గాయపరుస్తాయి. అన్నీ తల్లి నెత్తిన వేయడం న్యాయం కాదు.

తల్లికి తోడు దొరికితే మార్పు వస్తుంది. పాకిస్తాన్‌లోని రావల్పిండి పల్లెల్లో కుంగుబాటుతో ఉన్న గర్భిణుల ఇళ్లకు మామూలు ఆరోగ్య కార్యకర్తలు శిక్షణ పొంది వెళ్లారు. వారి మాట విన్నారు, ధైర్యం చెప్పారు, బిడ్డతో ఆడడం నేర్పారు. 2008లో వచ్చిన ఫలితాలు చూడండి. కాన్పయిన ఆరు నెలలకు ఈ సహాయం అందిన తల్లులలో 23 శాతం మందికే కుంగుబాటు మిగిలింది. అది అందనివారిలో 53 శాతం మందికి ఉంది. సహాయం అందిన తల్లుల బిడ్డలకు విరేచనాలు తగ్గాయి, టీకాలు సరిగా పడ్డాయి.

మనం ఏమి చేయాలి?

తల్లులకు: నమ్మకమైన ఒక్కరితోనైనా మీ బాధ చెప్పుకోండి. కోపం వచ్చినప్పుడు బిడ్డను భద్రమైన చోట ఉంచి, బయటికి వచ్చి నీళ్లు తాగి, నెమ్మదిగా ఊపిరి తీసి వదలండి. కొట్టినా, కేకలు వేసినా తరువాత బిడ్డను దగ్గరకు తీసుకుని, "నీ తప్పు కాదు నాన్నా, అమ్మకు కోపం వచ్చింది" అని చెప్పండి. రోజూ పావుగంట బిడ్డతో ఆడుతూ మాట్లాడండి.

భర్తలకు, అత్తమామలకు: "పాత సంగతులు ఇప్పుడెందుకు" అని నోరు మూయించవద్దు. రాత్రి బిడ్డను కాసేపు మీరు ఎత్తుకుని ఆమెను నిద్రపోనివ్వండి.

సంఘ కుటుంబాలకు: ఒక తల్లి నమ్మి చెప్పిన మాట నలుగురిలో చెప్పవద్దు, ప్రార్థన విన్నపం పేరుతో కూడా చెప్పవద్దు. ఆడపిల్లకు 18 ఏళ్లు నిండకుండా పెళ్లి తలపెడితే ఆపండి. పిల్లలు ప్రమాదంలో ఉంటే 1098కి ఫోన్ చేయండి.

దిగులు, నిద్రలేమి, ఏడుపు రెండు వారాలు దాటితే డాక్టరుకు చూపించండి. చనిపోవాలని, బిడ్డకు ఏదైనా చేయాలని ఆలోచన వస్తే ఒక్క గంట కూడా ఆగవద్దు. అలాంటప్పుడు ఆమెను, బిడ్డను ఒంటరిగా వదలకుండా ఆసుపత్రికి తీసుకురండి. 2022 నుండి టెలీ మానస్ ఉంది. 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. మనస్సు గురించి మాట్లాడితే "ఎర్రగడ్డకు పంపుతారు" అని చాలామంది భయపడతారు. ఎక్కువమందికి మాటల సహాయం, అవసరమైతే కొన్నాళ్లు మందులు సరిపోతాయి. మందులు మొదలుపెడితే డాక్టరును అడగకుండా మానవద్దు.

బిడ్డను చూపించడానికి వచ్చినప్పుడు మీ నిద్ర, మీ దిగులు కూడా సిస్టరుకు చెప్పండి. బిడ్డ వైద్యంలో అది కూడా భాగమే.