సిబిల్ స్కోరు అకస్మాత్తుగా తగ్గినపుడు రైతు చేయవలసిన పనులు

వరిమడిలో ఆకు పసుపుబాఱుట యొక లక్షణమే గాని వ్యాధి పేరు కాదు. నత్రజని చాలకపోయినను, జింకు లోపించినను, నీరు నిలిచి వేళ్లకు గాలి యందకున్నను ఆకు రంగు మాఱును. కారణము తెలిసికొనక యూరియా చల్లిన రైతునకు సొమ్ము పోవును, పైరు మాత్రము కోలుకొనదు. సిబిల్ స్కోరు తగ్గుటయు నిట్టిదే. అది యొక లక్షణము. దాని వెనుక నున్న కారణమును ముందు కనుగొని, పిమ్మట చికిత్స చేయవలెను.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతముల గ్రామములకు మేము పోయినపుడు, విత్తనమును గూర్చియు ఎరువును గూర్చియు అడిగిన పిదప రైతులు ఈ ప్రశ్నను గూడ వేయుచున్నారు: “నిరుడు అప్పు ఇచ్చిన బ్యాంకే ఈ యేడు స్కోరు తగ్గినదని త్రిప్పి పంపినది. మేమేమి చేయవలెను?” సభ్యులందఱకును పనికివచ్చు నను నమ్మకముతో దీనికి సమాధానమును పాఠముగా వ్రాయుచున్నాము.

1. స్కోరు అననేమి?

1864లో జర్మనీ దేశమున రైఫైజన్ గ్రామ పరపతి సంఘమును స్థాపించిననాడు, సభ్యులు ఒకరినొకరు ఎఱిగియుండుటయే దానికి పునాది. ఎవరు మాట నిలుపువాడో, ఎవరు గడువు దాటించువాడో ఊరివారికి తెలియును. నేడు అప్పు ఇచ్చు బ్యాంకు వేఱొక పట్టణమున నుండవచ్చును. కావున ఆ ఎఱుకను అంకెలలో నిలుపు పనిని 2005 నాటి పరపతి సమాచార సంస్థల చట్టము క్రింద నాలుగు సంస్థలు చేయుచున్నవి. అవి ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. ఋణసంస్థలన్నియు ఈ నాలుగింటిలోను సభ్యులుగా చేరవలెనని రిజర్వు బ్యాంకు 2015 జనవరిలో ఆజ్ఞాపించినది. జనులు మాత్రము అన్నింటిని కలిపి “సిబిల్” అనియే పిలుచుచున్నారు.

సిబిల్ స్కోరు 300 మొదలు 900 వరకు ఉండును. గడువునకు చెల్లించితిరా, ఇంకను బాకీ యెంత, అప్పుల వయసెంత, ఇటీవల ఎన్ని చోట్ల అప్పు కోరితిరి అను విషయములనుబట్టి అది యేర్పడును. మీకెన్ని యెకరములున్నవో, పంట యెంత పండినదో ఆ అంకెకు తెలియదు. మంచి రైతైనను గడువు తప్పినచో స్కోరు తగ్గుట కిదియే హేతువు.

2. తగ్గినచో నష్టమెంత?

కిసాన్ క్రెడిట్ కార్డుపై 3 లక్షల రూపాయల వరకు పంటఋణమునకు వడ్డీ 7 శాతము. గడువులోపల చెల్లించినవారికి 3 శాతము తగ్గి 4 శాతమే పడును. ఈ రాయితీని కేంద్ర మంత్రివర్గము 2025 మే నెలలో 2025–26 సంవత్సరమునకును పొడిగించినది.

ఒక రైతు 1,50,000 రూపాయలు ఒక సంవత్సరమునకు తీసికొనెననుకొందము. గడువునకు కట్టినచో వడ్డీ 6,000 రూపాయలు. బ్యాంకులో దొరకక, నూటికి నెలకు 2 రూపాయల మిత్తికి షావుకారు వద్ద తెచ్చినచో 36,000 రూపాయలు. భేదము 30,000 రూపాయలు. 2025–26 సంవత్సరమునకు సాధారణ రకపు వడ్లకు కనీస మద్దతు ధర క్వింటాలునకు 2,369 రూపాయలు. అనగా దాదాపు 13 క్వింటాళ్ల వడ్లు మిత్తికే పోవుచున్నవి. పైగా అప్పిచ్చిన వ్యాపారికే పంట నమ్మవలసివచ్చిన, ధరయు అతడు చెప్పినదే యగును. స్కోరును కాపాడుకొనుట యనగా ఈ వడ్లను కాపాడుకొనుటయే.

3. మన ప్రాంతమున తఱచుగా కనబడు కారణములు

మొదటిది, మాఫీ కొఱకు ఎదురుచూచుచు రెన్యూవల్ మానుట. 2014లో లక్ష రూపాయల వరకు మాఫీ ప్రకటింపబడి, సొమ్ము నాలుగు విడతలుగా వచ్చినది. 2018లో మఱల లక్ష వరకు వాగ్దానము జరుగగా, అది 2020 మొదలు 2023 వరకు విడతలుగా అందినది. 2018 డిసెంబరు 12 మొదలు 2023 డిసెంబరు 9 వరకు గల పంటఋణములకు కుటుంబమునకు 2 లక్షల వరకు మాఫీ 2024 జూలై 18, జూలై 30, ఆగస్టు 15 తేదీలలో విడతలుగా ఆరంభమైనది. 2 లక్షలకు మించిన బాకీ గలవారు మించిన సొమ్మును ముందు చెల్లించవలెనని నియమముండెను. మాఫీ వలన రైతునకు మేలు కలిగినది, దానిని మేము నిందింపము. కాని ప్రకటన యొకనాడు, సొమ్ము చేరుట వేఱొకనాడు. ఆ నడిమి కాలమున బ్యాంకు గడువు ఆగియుండదు. వరి, మొక్కజొన్న, పసుపు వంటి పంటల ఋణము గడువు దాటి రెండు పంటకాలములు గడచినచో మొండిబాకీగా లెక్కింపబడును. గడువు మీఱిన సంగతి అంతకు ముందే నివేదికకు ఎక్కవచ్చును.

రెండవది, గల్ఫు ప్రయాణము. ఇంటి యజమాని దుబాయికో సౌదీకో పోవును. బ్యాంకులో నిచ్చిన ఫోను నంబరు మూలపడును. గడువు సందేశము ఎవరికిని చేరదు. డబ్బు ఇంటికి వచ్చుచున్నను కట్టవలసిన తేదీ ఎవరికిని తెలియదు.

మూడవది, జామీను. మీరు ఎవరికి జామీను ఉంటిరో ఆ అప్పు మీ నివేదికలోను కనబడవచ్చును. అతడు కట్టకున్నచో మీ పరపతికిని దెబ్బ తగులును.

నాలుగవది, చిన్న కిస్తులు. ట్రాక్టరు, మోటారు సైకిలు, బంగారముపై అప్పు, ఫోను కొనుటకై చేసిన వాయిదా అప్పు, ఇవియన్నియు ఆ చిట్టాలోనివే. సిరిసిల్లలో మరమగ్గము నడుపుకొనువారికి బట్ట సొమ్ము ఆలస్యమైనపుడు మగ్గముపై తెచ్చిన అప్పు కిస్తు తప్పుట యీ కోవలోనిదే. పంటఋణము సక్రమముగా కట్టినను, 1,200 రూపాయల ఫోను కిస్తు తప్పినచో అదియు లెక్కకు వచ్చును.

ఐదవది, లెక్కలో పొరపాటు. ఒకే ఊర ఒకే పేరు, ఒకే ఇంటిపేరు గలవారు నలుగురుందురు. ఒకరి బాకీ మఱొకరి ఖాతాకు చేరవచ్చును. కట్టిన సొమ్ము నమోదు గాకపోవచ్చును. మాఫీ యైన ఖాతా మూయబడక మిగిలియుండవచ్చును.

ఆఱవది, కొద్ది దినములలోనే పలు సంస్థలకు దరఖాస్తు పెట్టుట. ప్రతి దరఖాస్తుకును ఆయా సంస్థ మీ నివేదికను తెప్పించును. ఇతడు డబ్బునకు మిక్కిలి ఇఱుకునబడినాడని స్కోరు గ్రహించును.

4. చేయవలసిన పనులు, వరుసగా

మొదట కొత్త దరఖాస్తులు నిలుపుడు. ఒకచోట కాదనిరని వేఱు నాలుగుచోట్ల అడిగినచో స్కోరు మఱింత తగ్గును.

రెండవది, నివేదికను తెప్పించుకొనుడు. 2017 నుండి నాలుగు సంస్థలలో ప్రతియొక్కటియు సంవత్సరమున కొకసారి పూర్తి నివేదికను ఉచితముగా నీయవలెనని రిజర్వు బ్యాంకు నియమము. ఆయా సంస్థల వెబ్‌సైటులలో పాన్ నంబరు, ఫోను నంబరు ఇచ్చి పొందవచ్చును. చదువుకొన్న బిడ్డల సాయము తీసికొనుడు. ఫోనునకు వచ్చు ఓటీపీని పరులకు చెప్పకుడు. తన నివేదికను తాను చూచుకొన్నందున స్కోరు తగ్గును అనుట వట్టి అపోహ.

మూడవది, నివేదికను పట్టాదారు పాసుపుస్తకమును చదివినట్లు అక్షరమక్షరము చదువుడు. పేరు, పుట్టినతేదీ, పాన్ సరిగా నున్నవా? ప్రతి అప్పును మీరు తెచ్చినదేనా? ఎక్కడ గడువు మీఱిన సొమ్ము చూపబడినది? ఏ నెలనుండి? ఖాతా “మూయబడినది” అని యున్నదా, “సెటిల్డ్” అని యున్నదా? తప్పనిపించిన ప్రతి వరుస ప్రక్కను పెన్సిలుతో గీత గీయుడు.

నాలుగవది, కారణమునకు తగిన చికిత్స చేయుడు.

బాకీ నిజమైనచో సంఘ కార్యదర్శిని గాని బ్యాంకు మేనేజరును గాని కలిసి, గడువు మీఱిన సొమ్మెంతయో వ్రాతమూలముగా తెలిసికొనుడు. దానిని కట్టి రెన్యూవల్ చేయించుడు. ఒకేసారి కట్టుట కుదరనిచో ఆ మాట దాచక చెప్పుడు. వడగండ్లు, వరదలు, అనావృష్టి వలన పంట పోయి ప్రభుత్వము వైపరీత్యమును ప్రకటించినపుడు, ఋణపు గడువును మార్చుటకు బ్యాంకులకు నియమములు కలవు. దానికై బ్యాంకును వెంటనే అడుగవలెను. బ్యాంకునకు మొగము చాటువేసిన రైతునకు ఈ మేలు దక్కుట కష్టము.

కట్టిన సొమ్ము నమోదు కానిచో రసీదు, పాసుబుక్కు, బాకీ లేదను ధ్రువపత్రము నకళ్లను జతపఱచి, అప్పిచ్చిన సంస్థకును, తప్పు చూపిన పరపతి సమాచార సంస్థకును వ్రాతపూర్వకముగా ఫిర్యాదు చేయుడు. ఫిర్యాదు నంబరును, తేదీని వ్రాసియుంచుకొనుడు. 30 దినములలో పరిష్కరింపనిచో ఆపై దినమునకు 100 రూపాయల చొప్పున ఫిర్యాదుదారునకు పరిహార మీయవలెనని రిజర్వు బ్యాంకు 2023 అక్టోబరులో ఆజ్ఞ వెలువరించినది. అది 2024 ఏప్రిల్ 26 నుండి అమలునకు వచ్చినది.

మీరు తీసికొనని అప్పు మీ పేర నున్నచో పై విధముగానే ఫిర్యాదు చేయుడు. మోసము జరిగినదని తోచినచో 1930 నంబరునకు ఫోను చేసి, పోలీసువారికిని తెలుపుడు.

జామీను వలన నైనచో అసలు బాకీదారును వెంటబెట్టుకొని బ్యాంకునకు పొండు. ఊరిలో మాట పట్టింపునకు పోయినంత మాత్రమున చిట్టా మాఱదు.

ఐదవది, 30 దినములు గడచినను జవాబు రానిచో, లేదా జవాబు న్యాయముగా లేనిచో, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితముగా మొఱపెట్టుకొనవచ్చును. 2022 సెప్టెంబరు నుండి పరపతి సమాచార సంస్థలు గూడ ఆ యధికారి పరిధిలోనికి వచ్చినవి. వివరములకు 14448 నంబరునకు ఫోను చేయవచ్చును.

5. చేయరాని పనులు

“ఇంత కట్టి ముగించుము, మిగిలినది విడిచెదము” అని సంస్థ చెప్పినపుడు సంతోషపడి వెంటనే ఒప్పుకొనరాదు. అట్టి ఖాతా “సెటిల్డ్” అని వ్రాయబడును. పూర్తిగా తీర్చలేదను అర్థము దానిలో నిలిచి, ముందుముందు అప్పునకు అడ్డము వచ్చును. వేఱు గతి లేనపుడు తప్ప దానికి పోరాదు.

స్కోరు పెంచెదమని డబ్బడుగు మధ్యవర్తులను నమ్మరాదు. నిజమైన బాకీని చెఱుపగలవాడు ఎవడును లేడు. తప్పును దిద్దించుకొనుటకు మధ్యవర్తి అక్కఱ లేదు.

నిమిషములో అప్పిచ్చెదమను ఫోను యాపులతో పాత బాకీని తీర్చరాదు. అది యెండిన చెఱువునకు బావి నీరు తోడి పోయుట వంటిది.

6. కోలుకొనుట కెంతకాలము?

లెక్కలోని తప్పు దిద్దబడినచో స్కోరు వేగముగా పైకి వచ్చును. 2025 జనవరి 1 నుండి ఋణసంస్థలు కనీసము పక్షమున కొకసారి వివరములు పంపవలెనను నియమ మేర్పడినది. నిజముగా గడువు తప్పినవారికి మాత్రము కొన్ని నెలలపాటు ప్రతి కిస్తును సమయమునకు కట్టుటయే మార్గము. పాత నమోదు ఏండ్ల తరబడి నిలుచును గాని, దానిపై కొత్త మంచి నమోదులు చేరుకొలది దాని బలము తగ్గును. చౌడుభూమి ఒక్క వానకు బాగుపడదు. ఏటేట పచ్చిరొట్ట దున్నినవాని చేను క్రమముగా మాఱును.

7. సంఘములు చేయవలసినది

ఈ భారమంతయు సభ్యునిపై వేసి సంఘము చేతులు ముడుచుకొనరాదు. గడువునకు నెల ముందే బాకీదారుల వరుసను సిద్ధపఱచి, ప్రతి సభ్యునకు తేదీని, సొమ్మును తెలుపవలెను. గల్ఫు పోవు సభ్యుని ఇంట భార్యదో తల్లిదో ఫోను నంబరు వ్రాసికొనవలెను. మాఫీ సొమ్ము జమయైన ఖాతాలు మూయబడినవో లేదో కరీంనగరు జిల్లా సహకార కేంద్ర బ్యాంకుతో సరిచూచుకొనవలెను. సొమ్ము కట్టిన దినముననే రసీదు ఈయవలెను.

సభ్యుడు చేయవలసినవి మూడు. వానకాలపు నాట్లకు ముందు ఏటేట ఒకసారి నివేదికను చూచుట. రెన్యూవల్ తేదీని గోడమీది క్యాలెండరులో గుర్తించుట. రసీదులన్నింటిని పాసుపుస్తకముతోపాటు ఒకే సంచిలో దాచుట. మాఫీ వచ్చునను మాట విన్ననాడు గూడ ఆ తేదీని దాటనీయకుడు. గడువునకు కట్టి రెన్యూవల్ చేయించుకొనిన రైతు మాఫీకి అర్హుడగునా కాదా యను సంగతిని ప్రభుత్వపు ఉత్తరువు వచ్చిన పిదప అందలి తేదీలనుబట్టి సంఘములో విచారించుకొనవచ్చును. గడువు తప్పి పోయిన పరపతి మాత్రము ఉత్తరువుతో తిరిగి రాదు.