యంత్రము విప్పు రైతునకు చేతితొడుగులు



మన శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలలో ట్రాక్టరులు, మోటారు సైకిళ్లు పల్లెపల్లెకును వచ్చినవి. పొలముపని లేని దినములలో తమ ట్రాక్టరునో, పాత జీపునో తామే విప్పి బాగుచేసికొను సభ్యులు పెక్కండ్రు గలరు. ఇది మెచ్చదగిన అభ్యాసము. కూలి ఖర్చు తగ్గును. యంత్రపు గుణదోషములు స్వయముగా తెలియును. అయితే ఎద్దునకు లాడములు కొట్టించుట మరువని రైతు తన చేతుల సంగతి మాత్రము మరచుచున్నాడు. నాట్లకును, కోతకును, నూర్పునకును కావలసినవి ఆ చేతులే గదా. కావున ఈ మాసపు పాఠమున చేతితొడుగులను, అనగా గ్లౌజులను, ఎన్నుకొను విధమును వివరించుచున్నాము.

1. చర్మమునకు గలుగు హాని

పలాస, కాశీబుగ్గలలోని జీడి కార్ఖానాలను చూచినవారికి ఈ విషయము సులభముగా బోధపడును. జీడిపిక్క పెంకులోని రసము తగిలిన చేతులు నల్లబడి, పొక్కి, తోలు ఊడును. ఆ హాని వెంటనే కనబడును గనుక పనివారు జాగ్రత్తపడుదురు. ఇంజనునుండి దింపిన నల్లని ఆయిలు అట్లు మండదు. కావుననే మనము దానికి జంకము.

1775లో పెర్సివల్ పాట్ అను ఆంగ్ల వైద్యుడు, పొగగొట్టములు తుడుచు పనివారికి మసివలన చర్మమున క్యాన్సరు పుట్టుచున్నదని వ్రాసెను. వాడిన ఇంజను ఆయిలులోను ఇంధనము మండగా పుట్టిన అట్టి పదార్థములే చేరియుండును. ఒకనాడు తగిలినంతమాత్రమున భయపడ నక్కరలేదు. ఏండ్ల తరబడి మరల మరల తడిసిన చేతులకే ప్రమాదము. పెట్రోలుతో చేతులు కడుగుట మరియొక దురభ్యాసము. మేమును ఒకప్పుడు అట్లు చేసినవారమే. అది చర్మపు సహజమైన జిడ్డును లాగివేసి పగుళ్లు కలిగించును. కొంచెము వంటనూనె రాచి, గుడ్డతో తుడిచి, పిదప సబ్బుతో కడుగుకొనుట మేలు.

2. ఏ పనికి ఏ తొడుగు

అన్ని పనులకును ఒకే తొడుగు చాలదు. ఆయిలు మార్చుట, గ్రీజు పెట్టుట మొదలగు జిడ్డుపనులకు నైట్రైల్ అను కృత్రిమ రబ్బరుతో చేసిన పలుచని తొడుగులు తగినవి. సహజ రబ్బరుతో చేసినవి ఆయిలునకు, పెట్రోలునకు ఉబ్బి చెడిపోవును. కనుక అవి ఈ పనికి పనికిరావు. పలుచని తొడుగు చినిగిన వెంటనే పారవేయవలెను. లోపల చేరిన ఆయిలు చర్మము నంటియుండి, తొడుగు లేనప్పటికంటె ఎక్కువ కీడు చేయును.

బిగిసిన బోల్టులు విప్పునపుడును, రేకులు పట్టునపుడును, అరచేతివైపు నైట్రైల్ పూతగల అల్లికతొడుగులు మంచివి. ఇవి పట్టు నిచ్చును, గీతలనుండి కాపాడును. కాని పూతలేని వెనుకవైపునుండి ఆయిలు లోనికి దిగును. ఉత్త నూలు తొడుగులు ఆయిలును పీల్చి చేతికే అంటించును.

వెల్డింగునకు తోలుతొడుగులే వాడవలెను; జిడ్డుతో తడిసిన తోలు అంటుకొనును గనుక వానిని వేరుగా దాచుకొనవలెను. బ్యాటరీలోని గంధకామ్లమునకు మోచేతివరకు వచ్చు దళసరి రబ్బరు తొడుగులును, కండ్లకు అద్దములును కావలెను. విద్యుత్తు విషయమున ఈ తొడుగులలో దేనినీ నమ్మరాదు. మొదట కరెంటు తీసివేయుటయే రక్ష.

3. తొడుగు తీసివేయవలసిన వేళ

ఈ పాఠములో ముఖ్యమైన భాగ మిదియే. తిరుగు యంత్రము దగ్గర తొడుగు మిత్రము గాదు, శత్రువు. ట్రాక్టరు వెనుకనున్న పి.టి.ఓ. ఇరుసు సాధారణముగా నిమిషమునకు 540 మారులు, అనగా సెకనునకు 9 మారులు తిరుగును. తొడుగుకొస చిక్కినచో చేయి వెనుకకు లాగుకొనుటకు వ్యవధి యుండదు. ఫ్యానుబెల్టు, స్టాండు డ్రిల్లు, సానబట్టు రాతిచక్రము వీనియొద్దను అంతే. ఇంజను ఆపి, తాళపుచెవి తీసి జేబులో వేసికొనిన పిదపనే చేయి పెట్టవలెను.

డీసెలు ఇంజక్టరు గొట్టము కారుచున్నదని చేతితో తడవి చూడరాదు. ఆ సన్నని ధార వాతావరణ పీడనమునకు నూరురెట్లకు మించిన ఒత్తిడితో వచ్చి, తొడుగును, చర్మమును గూడ దూసుకొనిపోవును. పైకి సూదిపోటంత గుర్తే కనబడును. మొదట నొప్పియు అంతగా ఉండదు. గంటలు గడచినకొలది లోపలి కండ చెడి వ్రేలు తీసివేయవలసివచ్చును. అట్లు జరిగినచో తెల్లవారువరకు ఆగక, అప్పుడే శస్త్రచికిత్స చేయు ఆసుపత్రికి పోవలెను. కారుటను చేతితో గాక అట్టముక్కతో పరీక్షింపవలెను.

4. కొలత, గుర్తులు

బొటనవ్రేలు విడిచి, వ్రేళ్ల మొదళ్లవద్ద అరచేతి చుట్టుకొలతను టేపుతో కొలువుడు. 8 అంగుళములున్నచో 8వ నంబరు తొడుగు సరిపోవును. వదులైనది చిక్కుకొనును, బిగువైనది చేతిని అలయించి చినుగును. పొట్లముమీద సుత్తిబొమ్మ క్రింద అంకె లుండినచో, మొదటి నాలుగును వరుసగా రాపిడికి, కోతకు, చినుగుటకు, పొడుపునకు ఓర్చుకొను శక్తిని తెలుపును. అంకె పెరిగినకొలది బల మెక్కువ. రసాయనముల కోర్చునట్టి వానికి గాజుబుడ్డి బొమ్మ వేరుగా నుండును.

5. సంఘము చేయదగినది

పలుచని నైట్రైల్ తొడుగులు సాధారణముగా నూరేసి చొప్పున పెట్టెలో వచ్చును. అనగా 50 జతలు. ఒక్క రైతునకు అది ఎక్కువ; పదిమందికి సరిపోవును. సంఘముద్వారా తెప్పించి పంచుకొనినచో పెట్టెధరకే అందరికిని దొరకును. ఎండ తగులని చోట భద్రపరచవలెను.

సభ్యులు రాబోవు సమావేశమున చర్చింపవలసిన ప్రశ్నలు:

(1) మన గ్రామమున యంత్రములు స్వయముగా విప్పువా రెందరు?
(2) వారు ఏ తొడుగులు వాడుచున్నారు?
(3) తిరుగు యంత్రమువద్ద తొడుగు ఎందుకు తీసివేయవలెను?

మూడవదానికి ఇంటిలోని కుఱ్ఱవాండ్రును జవాబు చెప్పగలిగిననాడు ఈ పాఠము సఫలమైనట్లే.