కాలేయ క్యాన్సర్: తీసేసిన కణితి మళ్లీ ఎందుకు వస్తుంది?

"గడ్డంతా తీసేశామన్నారు కదా సిస్టర్, ఏడాది తిరక్కుండానే మళ్లీ ఎలా వచ్చింది?" కాలేయ క్యాన్సర్ రోగుల కుటుంబ సభ్యులు తరచుగా అడిగే ప్రశ్న ఇది. కొందరు డాక్టరుగారిని అనుమానిస్తారు. మరికొందరు తాము పెట్టిన తిండిలోనే ఏదో తేడా జరిగిందని కుమిలిపోతారు. దయచేసి అలా అనుకోకండి. ఈ క్యాన్సర్‌కు తిరగబెట్టే గుణం ఎక్కువ. ఆపరేషన్ చేయించుకున్న పదిమందిలో సుమారు ఏడుగురికి 5 సంవత్సరాలలోపు మళ్లీ కనిపిస్తుంది. అప్పటికే దెబ్బతిని గట్టిపడిన కాలేయంలో కొత్తగా మరొక కణితి పుట్టడం ఒక కారణం. కంటికి కనబడకుండా మిగిలిపోయిన కణాలు రెండవ కారణం. ప్రయోగశాలలలో జరుగుతున్న పరిశోధన ఎక్కువగా ఈ రెండవదాని గురించే.

మన శరీరంలో చర్మం, రక్తం ఎప్పటికప్పుడు కొత్తగా తయారవుతుంటాయి. వాటిని తయారుచేసే కణాలను మూలకణాలు అంటారు. క్యాన్సర్ కణితిలో కూడా ఇటువంటి కణాలు కొద్దిగా ఉంటాయనీ, మిగతావన్నీ వాటి సంతానమేననీ శాస్త్రజ్ఞుల ఆలోచన. చేలో తుంగను పైపైన కోస్తే లోపలి గడ్డ నుంచి మళ్లీ మొలుస్తుంది చూడండి, అలాగన్నమాట. 1994లో కెనడాలోని టొరంటోలో జాన్ డిక్ బృందం రక్త క్యాన్సర్‌లో ఇటువంటి కణాలను చూపించింది.

కాలేయం విషయంలో హాంకాంగ్ విశ్వవిద్యాలయంలో చేసిన పని ముఖ్యమైనది. అక్కడివారు 2007లో కాలేయ క్యాన్సర్ కణాలను రెండు గుంపులుగా వేరుచేశారు. పైపొర మీద సి.డి.133 అనే ప్రొటీన్ గుర్తు ఉన్నవి ఒక గుంపు, లేనివి ఇంకొకటి. రోగనిరోధక శక్తి లేని ఎలుకలలోకి ఎక్కిస్తే, గుర్తు ఉన్న కణాలు కొద్దిపాటివే అయినా కణితులను పుట్టించాయి. గుర్తు లేనివాటికి ఆ శక్తి చాలా తక్కువ. డాక్సోరూబిసిన్ వంటి మందులను కూడా ఈ కణాలు ఎక్కువగా తట్టుకుంటాయని ఆ తరువాతి సంవత్సరం తెలిసింది. మీలో కొందరు ఈ మందును చూసే ఉంటారు, ఎర్రగా ఉంటుంది. 2010లో జపాన్‌లోని ఒసాకా పరిశోధకులు సి.డి.13 అనే మరొక గుర్తును పరీక్షించారు. ఆ గుర్తు ఉన్న కణాలు ఎక్కువభాగం విభజన చెందకుండా నిద్రపోతున్నట్లు ఉంటాయి. కీమో మందులు ముఖ్యంగా విభజన చెందే కణాలనే చంపుతాయి కనుక ఇవి తప్పించుకుంటాయి. సి.డి.13ను అడ్డుకునే మందును కీమోతో కలిపి ఇచ్చినప్పుడు ఎలుకలలో కణితులు బాగా తగ్గాయి.

కానీ ఎలుక వేరు, మనిషి వేరు. రోగులందరిలో ఒకే గుర్తు ఉండదు. మామూలు క్యాన్సర్ కణాలు సైతం ఒక్కొక్కప్పుడు మూలకణాలలాగా మారిపోతాయి. అందుచేత కాలేయ క్యాన్సర్ మూలకణాలను మాత్రమే వెతికి చంపే ఆమోదం పొందిన మందు ఇంకా రాలేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. "స్టెమ్ సెల్ చికిత్స"తో కాలేయ క్యాన్సర్ నయం చేస్తామనే ప్రకటనలు మీ కంట పడవచ్చు. పేరు ఒకటే అయినా, పైన చెప్పిన పరిశోధనకూ దానికీ సంబంధం లేదు. కొన్ని రక్త వ్యాధులకు మూలకణాల మార్పిడి నిజమైన వైద్యమే. కాలేయ క్యాన్సర్‌కు మాత్రం అటువంటి ఇంజెక్షన్లు పనిచేస్తాయని రుజువు కాలేదు. పొలం అమ్మి డబ్బు కట్టేముందు మీ క్యాన్సర్ డాక్టరుగారిని తప్పక అడగండి.

ఆపరేషన్ తరువాత రోగి బాగా తిరుగుతున్నాడని స్కానింగ్ మానేయకండి. నా ఉద్దేశంలో కుటుంబ సభ్యులు చేయగలిగే అతి పెద్ద సహాయం ఇదే. మొదటి రెండు సంవత్సరాలు డాక్టరు చెప్పిన తేదీకే స్కానింగ్, ఎ.ఎఫ్.పి. రక్త పరీక్ష చేయించి, పాత ఫిల్ములు వెంట తీసుకురండి. చిన్నదిగా ఉండగా దొరికితే మళ్లీ వైద్యం చేసే అవకాశం ఎక్కువ. హెపటైటిస్ బి ఉన్నవారు టెనోఫోవిర్, ఎంటెకవిర్ వంటి మాత్రలను సొంతంగా ఆపకూడదు. సారా, బ్రాందీ ఏదైనా సరే పూర్తిగా మానాలి.

రోగికి హెపటైటిస్ బి ఉంటే భార్య లేక భర్త, పిల్లలు, తోబుట్టువులు కూడా రక్త పరీక్ష చేయించుకోవాలి. వైరస్ లేనివారికి, రక్షణ లేకపోతే, టీకా వేయించవచ్చు. ఇంట్లో గర్భిణీ ఉంటే ఈ సంగతి ముందుగానే డాక్టరుకు చెప్పండి. పుట్టిన బిడ్డకు 24 గంటలలోపు మొదటి మోతాదు పడాలి. ప్రభుత్వ ఆసుపత్రులలో అది ఉచితం.