చేను కొనేముందు దారి చూడండి

సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే మన అనంతపురం సీమలో చేను కొనేవాడు "బోరులో ఎన్ని అంగుళాల నీళ్ళు?" అని అడుగుతాడే గాని, దారి ఏదని అడగడు. మా నాయనా అడగలేదు.

నేను ఇంటర్ చదివేటప్పుడు వంక అవతల నాలుగెకరాల ఎర్రనేల కొన్నాడు. మొదటి ఏడు వేరుశనగ పీకి ట్రాక్టరు తోలబోతే గట్టు పక్క రైతు కంప అడ్డం వేసినాడు. "ఇది నా పట్టా. దారెక్కడుంది?" అన్నాడు. ఆయన మాటా నిజమే. కాయంతా మూటలు కట్టి నెత్తిన మోసుకొచ్చినాం. ఆ మోత నేర్పిన పాఠమిది.

1. అడంగల్‌లో, ఈ.సి.లో దారి కనపడదు. సర్వే పటం (ఎఫ్.ఎం.బి.) నకలు తీసుకొని చేలో నిలబడి సరిచూడాలి. అందులో రస్తా పోరంబోకు ఉంటే దిగులు లేదు. లేకుంటే దారి హక్కును రిజిస్టరు చేయించుకోవాలి. నోటిమాట తండ్రితోనే పోతుంది.

2. 1882 ఈజ్‌మెంట్ల చట్టం 15వ సెక్షను ప్రకారం 20 ఏళ్ళు బహిరంగంగా, అడ్డులేకుండా, హక్కుగా నడిచిన దారి మీద హక్కు ఏర్పడుతుంది. బతిమాలి నడిచినదానికి రాదు. ఒకరి భూమే ముక్కలై, లోపలి ముక్కకు వేరే దారి లేనప్పుడు 13వ సెక్షను ఆదుకొంటుంది.

3. భూమి డి.పట్టాదేమో విచారించాలి. పేదలకిచ్చిన అసైన్డు భూముల అమ్మకాన్ని 1977 చట్టం నిషేధించింది. 2023 సవరణ 20 ఏళ్ళు దాటినవాటికి కొంత వెసులుబాటు ఇచ్చినా, 22-ఏ నిషేధ జాబితా చూడకుండా బయానా ఇవ్వరాదు.

చివరికి మా నాయన అప్పు చేసి బండి పట్టేంత దారి కొన్నాడు. బేరం రోజే అడిగి ఉంటే ఆ అప్పు ఉండేది కాదు.